వేలే కదా అన్నారు

"కుడిచెయ్యా, ఎడమచెయ్యా?" అని అడిగాడు ఆసుపత్రిలో చీటీ రాసే అబ్బాయి. ఎడమ అని చెప్పాను. "పోనీలేమ్మా, ఎడమచెయ్యే కదా. అందులోనూ ఒక్క వేలు" అన్నాడు.

ఓదార్చడానికే అన్నాడు, తెలుసు. కానీ నేను మగ్గం పని చేస్తాను. పెళ్లి బ్లౌజులకు జర్దోసీ, పూసలు, కుందన్లు కుడతాను. చూసేవాళ్లకు ఫ్రేము మీద సూది పట్టుకున్న కుడిచెయ్యే కనిపిస్తుంది. గుడ్డ కింద దారం పట్టుకుని, ప్రతి కుట్టుకీ దాన్ని సూది కొక్కేనికి అందించేది ఎడమచెయ్యి. కింద చెయ్యి ఆగితే పైచెయ్యీ ఆగినట్టే. ఇదంతా ఆ అబ్బాయికి చెప్పే ఓపిక ఆ పొద్దు నాకు లేదు. తడిగుడ్డలో చుట్టిన వేలిని గుండెకు ఆనించుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మాది చంద్రగిరి దాటాక పాకాల పోయే దారిలో ఒక పల్లె. తిరుపతికి బండి మీద ముప్పావు గంట. ఇంట్లో ఒక జెర్సీ ఆవు ఉంది. పేరు లచ్చిమి. కార్తీకమాసం, ముందురోజు రాత్రంతా వాన. తెల్లారుజామున కొట్టంలోంచి ఆవును బయటికి పట్టుకొస్తున్నాను. కుడిచేతిలో పాలచెంబు, ఎడమచేతికి పలుపు రెండు చుట్లు చుట్టుకున్నాను. పలుపు చేతికి చుట్టుకోవద్దని మా నాయన నాకు పదేళ్లప్పుడే చెప్పాడు. వినేదాన్నే, కానీ ఇంకో చేతిలో చెంబు ఉంటే ఏం చేస్తాం? సరిగ్గా అప్పుడే పాల ఆటోవాడు మలుపులో గట్టిగా హారన్ కొట్టాడు. లచ్చిమి ఒక్క గుంజు గుంజింది. నేను బురదలో మోకాళ్ల మీద పడ్డాను. చెయ్యి మాత్రం ఆవు వెంట పోయింది. చెరుకుగడ విరిచినట్టు చిన్న చప్పుడు వినిపించింది.

నొప్పి కంటే ముందు కడుపులో తిప్పింది. చూసుకుంటే నడిమి వేలు మెట్టులాగా ఉంది. వేలి మధ్య కణుపు దగ్గర, ముందు ఎముక వెనక ఎముక మీదికెక్కి కూర్చుంది. చెయ్యి తిప్పి చూశాను. అరచేతి వైపు, వేలు మడిచేచోట ఉండే గీత వెంబడి చర్మం అడ్డంగా చీలిపోయింది. ఆ చీలికలోంచి తెల్లగా, నున్నగా, గోలీలాంటిది బయటికి చూస్తా ఉంది. రక్తం పెద్దగా లేదు. ఆ తెలుపే నన్ను భయపెట్టింది. చుట్టూ పేడ, బురద.

మా అత్త పసుపు డబ్బా తెచ్చింది. మా మరిది వాలీబాల్ ఆడతాడు. వాళ్ల ఆటలో వేళ్లు తప్పడం మామూలే. "వదినా, కళ్లు మూసుకో. ఒక్క లాగు లాగితే టక్కున కూర్చుంటుంది. మా టీములో ఇద్దరికి లాగినా" అని వేలు పట్టుకోబోయాడు. నేనూ చెయ్యి ఇచ్చేదాన్నే. ఎదురింటి నర్సమ్మ వచ్చింది కాబట్టి సరిపోయింది. ఆమె సబ్‌సెంటర్లో పనిచేసి రిటైరయింది. చెయ్యి చూసీ చూడగానే మరిది చేతిమీద ఒక్కటేసింది.

"ఎముక కనిపిస్తా ఉంది కదరా! నువ్వు లాగితే అది లోపలికి పోతుంది, దాంతోపాటు ఈ పేడంతా పోతుంది. తోలు చిట్లకుండా కీలు తప్పింది వేరు, చిట్లి తప్పింది వేరు."

ఇది రాయాలనిపించడానికి ఆ మాటే కారణం. పల్లెల్లో వేలు తప్పితే ఎవరో ఒకరు లాగేస్తారు, చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ చర్మం చీలి కణుపు బయటపడితే అది ఎముక సమస్య మాత్రమే కాదు, ముందు అది మురికి సమస్య. ఈ తేడా మా ఇంట్లో ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు, నాతో సహా.

నర్సమ్మ చేసింది చాలా కొంచెం. తాగే నీళ్ల క్యాన్ వంచి ధారగా గాయం మీద పోయించింది. రుద్దలేదు. ఉతికి ఆరేసిన మెత్తటి గుడ్డ తడిపి చుట్టి, వేలు ఏ వంకరలో ఉందో ఆ వంకరలోనే ఉంచి, కింద ఒక అట్టముక్క పెట్టి కట్టింది. పసుపు డబ్బా వెనక్కి పంపింది. పక్క వేలికి ఉన్న ఉంగరాన్ని సబ్బు నురగతో జార్చి తీసేసింది. "ఇంకో గంటలో చెయ్యి వాస్తుంది. అప్పుడు ఉంగరం కోయాల్సిందే" అంది. కాఫీ తాగబోతే ఆపింది. మత్తు ఇస్తారేమో, కడుపు ఖాళీగా ఉండాలట.

తర్వాత యాడికి పోవాలన్నది పెద్ద పంచాయితీ. మా మామ "పుత్తూరుకు పోదాం" అన్నాడు. మా వైపు ఎముక అంటే ఎవరి నోట్లోనైనా మొదట వచ్చే మాట అదే. ఆకుపసరు, గుడ్డుసొన, వెదురు బద్దలు పెట్టి వాళ్లు వేసే కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. మా మామ చింతచెట్టు మీద నుంచి పడినప్పుడు కాలికి అక్కడే కట్టించుకున్నాడు, ఇప్పటికీ గట్టిగా నడుస్తాడు. ఆయన నమ్మకాన్ని నేను కాదనను. కానీ నర్సమ్మ "అన్నా, కట్టు తర్వాత సంగతి. ఇది ముందు కడగాల్సిన కేసు, ఆపరేషన్ థియేటర్లో కడగాలి" అనేసరికి ఆయన మెత్తబడ్డాడు. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ఎముకలకని దేవస్థానం వాళ్ల బర్డ్ ఉంది. పెద్ద పెద్ద ఆసుపత్రులున్న ఊరికి ముప్పావు గంట దూరంలో ఉండి, పసుపు పెట్టుకుని కూర్చోవడం ఏందని మా ఆయన బండి తీశాడు.

దారిలో ఒక పొరపాటు చేశాం. వాన, ట్రాఫిక్, నాకు కళ్లు తిరుగుతున్నాయి. దారిపక్క ఒక చిన్న క్లినిక్ తెరిచి ఉంటే ఆగాం. పేరు వద్దు. అక్కడున్నతను గుడ్డ విప్పి చూసి, "ఎక్స్‌రే ఎందుకు, నేను సర్ది మూడు కుట్లు వేస్తా, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు" అన్నాడు. మా ఆయన నా ముఖం చూశాడు, నేను ఆయన ముఖం చూశాను. సాయంత్రానికి ఇంట్లో ఉండడమంటే అప్పుడు ఎంత తియ్యగా వినిపించిందో! నర్సమ్మ మాట గుర్తొచ్చి లేచాం. ఆ చర్మం అలాగే కుట్టేసి ఉంటే లోపలున్న పేడను కీలులోనే మూటగట్టినట్టయ్యేదని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

పెద్దాసుపత్రిలో మొదటి గంట అంతా ప్రశ్నలే. ఎన్ని గంటలకు తగిలింది? ఎక్కడ? పశువుల కొట్టంలో అనగానే డ్యూటీ డాక్టరు తలెత్తి చూసింది. చిన్నమ్మాయి, మహా అయితే పాతికేళ్లు. "పేడ తగిలిందా, నిజం చెప్పండి" అంది. సిగ్గుపడాల్సిందేమీ లేదు గాని, ఎందుకో గొంతు తగ్గించి ఔనన్నాను. టీటీ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారంటే, పాప కడుపులో ఉన్నప్పుడని చెప్పాను. పాపకు ఇప్పుడు పన్నెండేళ్లు. ఇంజెక్షన్ వేశారు. సెలైన్ పెట్టి యాంటీబయాటిక్ ఎక్కించారు. పశువుల పేడ, మట్టి తగిలిన గాయమని ఇంకో రకం మందు కూడా కలిపారు. ముందు చర్మం కింద చుక్క వేసి పడుతుందా లేదా చూశారు. ఈ మందు ఎంత తొందరగా లోపలికి పోతే అంత మంచిదట. అందుకే ఎక్స్‌రేకి పంపకముందే మొదలుపెట్టారు.

తర్వాత ఆ అమ్మాయి నా వేలి కొస మీద గోరు నొక్కి వదిలింది. తెల్లబడి మళ్లీ ఎర్రబడింది. "రక్తం ఆడుతోంది" అంది. వేలికి రెండు పక్కలా సన్న పుల్లతో తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. వేలికి ఇరువైపులా ఒక్కో నరం, ఒక్కో రక్తనాళం పోతాయట. అరచేతి వైపు చీలిక పడితే అవి తెగి ఉండొచ్చు. మత్తు ఇచ్చాక స్పర్శ చూసి లాభం లేదు కాబట్టి ముందే చూడాలి. నాకు బొటనవేలి వైపు కొంచెం మొద్దుగా అనిపించింది. అది రాసుకుంది. తెగలేదు, సాగింది అని తర్వాత తేలింది. ఆ మొద్దుతనం పోవడానికి మూడు నెలలు పట్టింది.

ఎక్స్‌రే రెండు తీశారు. ముందు నుంచి తీసినదాంట్లో పెద్దగా ఏమీ తెలియలేదు నాకు. పక్క నుంచి తీసింది చూస్తే చిన్నపిల్లలు కూడా చెబుతారు, ఒక ఎముక మీద ఇంకోటి ఎక్కి ఉంది. అడుగున ఆవగింజంత ముక్క కూడా ఒకటి విడిగా కనిపించింది.

పెద్ద డాక్టరు వచ్చి దాని సంగతి చెప్పాడు. నలభై ఐదేళ్లుంటాయి, మాట మనవైపు మాటే. "చూడమ్మా, ఈ కణుపు ఒక బందు లాంటిది. తలుపు బందు ఎట్లా ఒక వైపే తిరుగుతుందో ఇది కూడా అంతే. రెండు పక్కలా రెండు తాళ్లు పట్టుకుని ఉంటాయి. అరచేతి వైపు కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది, చెప్పు అట్టలాగా. వేలు వెనక్కి విరక్కుండా ఆపేది అదే. మీ ఆవు ఆ అట్టను పీకేసింది. పీకినప్పుడు ఎముక పెచ్చు కొంచెం ఊడొచ్చింది, అదే ఆ ఆవగింజ."

లాగితే సరిపోతుందంటారు కదా సార్ అని అడిగాను. ఆయన తన వేలితోనే చూపించాడు. నేరుగా గట్టిగా లాగితే ఒక్కోసారి ఆ తెగిన అట్ట రెండు ఎముకల మధ్యకు జారి ఇరుక్కుంటుంది. అప్పుడు ఎంత లాగినా రాదు. లాగే కొద్దీ బిగుస్తుంది. పిడికిలి బిగిస్తే పైకి కనిపించే మెటికల దగ్గర, ముఖ్యంగా చూపుడువేలి మెటిక దగ్గర అయితే ఇది ఇంకా ఎక్కువట. సులువుగా కూర్చోవాల్సిన కీలును లాగి లాగి ఆపరేషన్ దాకా తెచ్చుకున్నవాళ్లను ఆయన చాలామందినే చూశాడట. కాబట్టి లాగడం కాదు, వెనక నుంచి తోయడం. ముందు ఎముక అడుగును వెనక ఎముక మీద నుంచి జారుస్తూ ముందుకు తోస్తారు. మా మరిదికి ఇది చెబితే ఇప్పటికీ ఒప్పుకోడు.

థియేటర్‌కు తీసుకెళ్లేలోపు పక్క మంచం మీద ఒక కుర్రాడు. కాలేజీ వయసు. కుడిచేతి మెటిక మీద అర అంగుళం గాటు, అంతే. గేటు తగిలిందని చెబుతున్నాడు. డ్యూటీ డాక్టరు ఆ చెయ్యి పిడికిలి పట్టించి చూసి, "గేటుకు పళ్లున్నాయా?" అంది. వాడు తలదించుకున్నాడు. ఎవర్నో మూతిమీద గుద్దాడు. పిడికిలి బిగించినప్పుడు తగిలిన పంటిగాటు, చెయ్యి చాపాక చర్మం కిందికి జారి కనిపించకుండా పోతుందట. నోట్లోని క్రిములు మాత్రం మెటిక లోపల ఉండిపోతాయి. నా గాయం చూస్తే ఎవరైనా భయపడతారు. వాడి గాయం చూస్తే ఎవరూ భయపడరు. కానీ ఆ రోజు ఆమె వాడి విషయంలోనే ఎక్కువ కంగారుపడింది. కుట్లు వేయకుండా తెరిచే ఉంచి, వాణ్ణి కూడా థియేటర్ వరుసలో పెట్టించింది. వాడి తల్లి నోట కూడా అదే మాట, "వేలే కదమ్మా, ఇంటికి పంపించండి."

నాకు పూర్తి మత్తు ఇవ్వలేదు. వేలి మొదట్లో రెండు పక్కలా సూది వేశారు. ఆ సూదులు నొప్పే, దాచేదేముంది. ఐదు నిమిషాలకు వేలు నాది కాదన్నట్టయింది. మొదట్లో రబ్బరు పట్టీ బిగించి రక్తం ఆపారు. మధ్యలో గుడ్డ అడ్డం కట్టారు గాని, పైనున్న లైటు గాజులో కొంచెం కనిపిస్తూనే ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాను. అలవాటు మరి, ఎవరు కుట్టినా ఎట్లా కుడుతున్నారా అని చూసే కళ్లు.

ముందు ఎముకను సర్దేస్తారనుకున్నాను. లేదు. బయటికొచ్చిన ఎముకను అట్లాగే ఉంచి కడగడం మొదలుపెట్టారు. అది బయట ఉన్నప్పుడే కీలు లోపలి మూలలన్నీ బాగా కనిపిస్తాయట. ఒక సెలైన్ బాటిల్ అయిపోయింది. రెండోది అయిపోయింది. సన్నటి పట్టకారుతో ఏదో తీసి ట్రేలో వేశారు. "చూడండమ్మా మీ ఆవు మేత" అన్నాడు డాక్టరు. గోరంత గడ్డిపరక. నీళ్ల క్యాన్ ధారకు రాలేదు, ఎముక వెనకాల దాక్కుని ఉంది. ఎముక కొస మీద తెల్లగా మెరిసే పొర ఉంటుంది కదా, నేను గోలీ అనుకున్నది అదే. కీలులో చీము పడితే ఆ పొరను కొద్దిరోజుల్లోనే తినేస్తుందని, ఒకసారి పోతే మళ్లీ రాదని చెప్పాడు. ఆ పొర పోయిన కణుపు ఇక మడవదు, లేదా మడిచిన ప్రతిసారీ నొప్పే. మూడో బాటిల్ సగం దాకా పోశారు. ఆపమని ఎందుకంటాను?

నలిగిన చర్మం అంచులు కొంచెం కత్తిరించారు. తర్వాత సర్దడం ఎంతసేపనుకున్నారు? నేను ఊపిరి బిగబట్టి వదిలేలోపు అయిపోయింది. వేలును అటూ ఇటూ వంచి చూశారు. పక్కకు వంచితే నిలుస్తోంది, మడిస్తే నిలుస్తోంది, పూర్తిగా చాపితే మాత్రం మళ్లీ జారబోతోంది. ఊడిన అట్టను సన్నదారంతో దాని చోట కుట్టారు. పై చర్మానికి ఎడంగా నాలుగు కుట్లు. దగ్గర దగ్గరగా వేయలేదేమని నాకు అనుమానం, మా పనిలో ఎడం కుట్టు అంటే సోమరి కుట్టు. లోపల నీరు చేరితే బయటికి రావడానికి సందు ఉండాలన్నారు. అక్కడే ఎక్స్‌రే మిషన్‌తో మళ్లీ చూసి, కీలు సరిగ్గా కూర్చుందని తేల్చుకున్నారు.

వేలి వెనక వైపు అల్యూమినియం పట్టీ పెట్టారు. ముప్పై డిగ్రీలు వంచిన పట్టీ అది. దాని లెక్క చాలా ముచ్చటగా ఉంటుంది. వేలిని ఇంకా మడుచుకోవచ్చు, ఎంతైనా. చాపడం మాత్రం ఆ పట్టీ దగ్గరే ఆగిపోతుంది. వారానికి పది డిగ్రీల చొప్పున పట్టీని సరిచేస్తూ పోతారు. అంటే తెగిన అట్టకు అతుక్కునే టైమిస్తూనే, కణుపును మాత్రం కదులుతూ ఉండనిస్తారు.

రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నాను. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచమన్నారు. సెలైన్ స్టాండుకు తువ్వాలుతో ఉయ్యాల కట్టాడు మా ఆయన. రెండో రోజు కట్టు విప్పి చూశారు. వాపు ఉంది, చీము లేదు. ఇంటికి పంపేటప్పుడు, నొప్పి రోజురోజుకూ తగ్గాల్సింది పోయి పోటు పెరిగినా, వేలు ఎర్రబడి మెరిసినా, జ్వరం వచ్చినా, కొంచెం కదిపితేనే ప్రాణం పోయేట్టున్నా, అర్ధరాత్రయినా రమ్మన్నారు. ఐదు రోజులకు మాత్రలు ఇచ్చారు.

ఇంతవరకు నా తప్పు పలుపు ఒక్కటే. ఇకపైది పూర్తిగా నా తప్పు.

మూడో రోజు నుంచే పట్టీలో ఉన్న వేలిని మడవమని డాక్టరు చెప్పాడు. గంటకు పదిసార్లు. కాగితం మీద బొమ్మ కూడా గీసిచ్చాడు. ఇంటికొచ్చి కట్టు వైపు చూస్తే భయమేసింది. కుట్లు తెగితే? మళ్లీ జారితే? మా అత్త "కదిలించొద్దు పాపా, ఎముక అతకాల" అంది. చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ అదే మాట. మా నాయన నెల రోజులు చెయ్యి మెడకు వేలాడదీసుకోమన్నాడు. నాకూ అదే హాయిగా ఉంది. కదిలించకపోతే నొప్పి లేదు. ఆ కాగితం క్యాలెండర్ వెనక పెట్టేశాను.

పన్నెండో రోజు కుట్లు తీయడానికి పోయాను. గాయం చక్కగా మానిందని నర్సు మెచ్చుకుంటే నాకు గర్వంగా ఉంది. పక్క గదిలో ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరికి పంపారు. ఆమె ప్రొట్రాక్టర్‌కు రెండు కాళ్లు తగిలించినట్టున్న పరికరం కణుపు మీద ఆనించి, మడవమంది. నలభై ఐదు దగ్గర ఆగిపోయింది. మామూలుగా ఈ కణుపు నూరు డిగ్రీల దాకా మడుస్తుంది. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎన్నిసార్లు మడిచారు రోజుకు?"

"..."

"ఆపరేషన్ మీ ఎముకను చోటులో పెట్టింది. వేలిని మాత్రం మీరే తెచ్చుకోవాలి. చేతిలో ఉన్న అన్ని కీళ్లలోకీ దీనికి రోషం ఎక్కువ. నాలుగు రోజులు పలకరించకపోతే అలిగి కూర్చుంటుంది."

ఆమె వేలూరులో చదువుకుందట. మా జిల్లాలో వేలూరు అంటే అక్కడి సీఎంసీ ఆసుపత్రే, పాకాలలో రైలెక్కితే చిత్తూరు మీదుగా కాట్పాడిలో దింపుతుంది. నొప్పంటే నాకు భయమని చెప్పినప్పుడు ఆమె పాల్ బ్రాండ్ అనే డాక్టరు సంగతి చెప్పింది. 1940లలో ఇంగ్లండు నుంచి వేలూరు వచ్చి, కుష్ఠు వచ్చినవాళ్ల వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు చేసినాయన. వాళ్ల వేళ్లను కుష్ఠు తినేస్తుందని లోకమంతా అనుకునేది. స్పర్శ చచ్చిపోవడంతో కాలినా, తెగినా తెలియక, నొప్పి లేక, వాళ్ల చేతులు పాడవుతున్నాయని ఆయన చూపించాడు. "నీకు నొప్పి తెలుస్తోంది. ఎక్కడ ఆగాలో అదే చెబుతుంది. చుర్రుమని కాసేపటికి తగ్గితే పర్లేదు. రాత్రంతా పోటు పెడితే ఎక్కువ చేశావని" అంది. మీరు నుంచి నువ్వుకు ఎప్పుడు దిగిందో గమనించలేదు, దిగాక మాత్రం ఆమె మాట జవదాటలేదు.

వ్యాయామాలు చూడ్డానికి చిన్నపిల్లల ఆటలే. వేలి మొదటి భాగాన్ని కుడిచేత్తో కదలకుండా పట్టుకుని మధ్య కణుపు ఒక్కదాన్నే మడవడం. మెటికలు నిటారుగా ఉంచి వేళ్లను కొక్కెంలా వంచడం. తర్వాత పూర్తి పిడికిలి. చేసేముందు గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు. మొదటి వారం ప్రతి మడతకూ కళ్లలో నీళ్లొచ్చేవి. సెల్‌ఫోన్‌లో గంటగంటకూ అలారం పెట్టుకున్నాను. అది మోగినప్పుడల్లా మా అత్త "మళ్లీ హింస మొదలైంది" అని వంటింట్లోకి పోయేది.

నాలుగో వారానికి పట్టీ నేరుగా అయింది, తర్వాత తీసేశారు. నడిమి వేలిని ఉంగరం వేలితో కలిపి మెత్తటి పట్టీతో జోడు కట్టారు, పక్క వేలు మడిస్తే ఇదీ మడవాల్సిందే. ఈ కట్టు ఆవుకు కాడి కట్టినట్టు అనిపించి నవ్వొచ్చింది. ఆరో వారానికి డెబ్భై దాకా మడుస్తోంది. కానీ చాపితే ముప్పై డిగ్రీలు తక్కువ, వంకరగా నిలిచిపోతోంది. దానికి రాత్రిపూట వేలిని మెల్లగా చాపి ఉంచే ఇంకో పట్టీ. మచ్చ గట్టిపడకుండా కొబ్బరినూనెతో రుద్దడం. పిండి పిసకమన్నారు. దానికని ప్రత్యేకంగా మెత్తటి ముద్ద అమ్ముతారు గాని, చపాతీ పిండి ఉండగా దానికి డబ్బులెందుకు? ఆ రెండు నెలలూ మా ఇంట్లో రాత్రిపూట చపాతీలే. రాగిసంగటి కెలకాలంటే ఒక చేత్తో గిన్నె గట్టిగా పట్టుకోవాలి, అది నాకు మూడో నెల దాటేదాకా కుదరలేదు.

పాలు పితకడం మా ఆయన నేర్చుకున్నాడు. మొదటి పదిరోజులు లచ్చిమి ఆయన్ను దగ్గరికి రానీలేదు. నా పాత చీర కప్పుకుని పితికాడు. ఈ సంగతి రాయొద్దన్నాడు.

వాపు గురించి ఎవరూ ముందే చెప్పలేదు, అందుకే చెబుతున్నాను. గాయం మానాక కూడా కణుపు లావుగానే ఉంటుంది, నెలల తరబడి. ఏదో లోపల చెడిందని నాలుగో నెలలో టెన్షన్ పడి మళ్లీ ఎక్స్‌రే తీయించుకున్నాను. ఏమీ లేదు. కొందరికి ఏడాది దాకా ఉంటుంది, కొందరికి ఆ లావు కొంచెం ఎప్పటికీ ఉండిపోతుందన్నాడు డాక్టరు. ధనుర్మాసం చలికి తెల్లవారుజామున కణుపు బిగుసుకుపోయేది. ఉంగరం వేలికి మళ్లీ ఉంగరం పెట్టుకుంటే పక్క కణుపుకు ఒరుసుకుంటోంది, దాన్ని పాప వేలికి దారం చుట్టి పెట్టాను.

మగ్గం ముందు మళ్లీ కూర్చుంది మూడో నెల చివర్లో. గుడ్డ కింద వేళ్లు దారాన్ని ఎట్లా పట్టుకుంటాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. అది ఆలోచించి చేసే పని కాదు. ఇప్పుడు ప్రతి కుట్టుకీ ఆలోచించాల్సి వచ్చింది. బొటనవేలు, చూపుడువేలు దారం పట్టుకుంటే, నడిమి వేలు మడిచి బిగువు సర్దాలి. అది మడవక దారం వదులైపోయేది. మొదటి రోజు అరచెయ్యంత మామిడిపిందె గీసుకుని కుట్టాను. గొలుసుకుట్టు ఒకచోట బిగిసి, ఒకచోట ఉబ్బి, చూస్తే నేర్చుకునే పిల్ల కుట్టినట్టుంది. విప్పేశాను. దారాన్ని ఉంగరం వేలి మీదుగా తిప్పి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాక నెమ్మదిగా దారికొచ్చింది. మేడమ్‌కు చెబితే, "అది కూడా థెరపీనే, ఇంటికిచ్చే వ్యాయామం కంటే మంచిది" అంది. చిత్తూరు నుంచి వచ్చిన ఒక పెళ్లి ఆర్డరు ఒప్పుకున్నాను, చేతులకు నెమళ్లు, వీపుకు హంసలు. మామూలుగా పది రోజుల పని, ఇరవై రెండు రోజులు పట్టింది. వాళ్లకు తేడా తెలియలేదు. నాకు ఎడమ నెమలి మెడ దగ్గర తెలుస్తుంది.

ఆరో నెలలో చివరిసారి కొలిచారు. మడిస్తే తొంభై ఐదు. చాపితే పది డిగ్రీలు తక్కువ. ఈ పదీ ఉండిపోవచ్చని, దీనికోసం మళ్లీ కత్తి పెట్టడం తెలివి కాదని డాక్టరు అన్నాడు. ఆ పేడ, ఆ గడ్డిపరక గుర్తుచేసి, చీము పట్టకుండా బయటపడడమే పెద్ద సంగతన్నాడు. చీటీ రాసే అబ్బాయి అక్కడే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు.

ఇప్పుడు పలుపు చేతికి చుట్టుకోను, మడిచి పిడికిట్లో పట్టుకుంటాను, లచ్చిమి గుంజితే వదిలేస్తాను. రెండుసార్లు వదిలేస్తే రెండుసార్లూ పక్కింటి జొన్నచేలో పడింది, మాటలు పడ్డాను.

పాప మొదట్నుంచీ తన కొలత తను పెట్టుకుంది. అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టమంటుంది. అన్ని వేళ్లూ బల్లకు ఆనుతాయి, నడిమి వేలి కణుపు కింద మాత్రం సందు ఉంటుంది. రెండో నెలలో ఆ సందులో దాని స్కెచ్ పెన్ దూరిపోయేది. తర్వాత పెన్సిలు. నిన్న రాత్రి పెన్సిలు పట్టలేదు. అగ్గిపుల్ల తెచ్చుకుంది.